మా వదిన హస్తవాసి

నా పెళ్ళికి ముందు, "మీ ఆడపడుచు ఆఫీసుకు పోతుందమ్మా" అని మధ్యవర్తి గొప్పగా చెప్పాడు. మాది పుత్తూరు దగ్గర పల్లె. ఆఫీసంటే కుర్చీ, బల్ల, పైన ఫ్యాను అనుకున్నాను. కాపురానికి కోవిల్‌పట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే సెల్లత్తాయి వదిన వెలిసిపోయిన చీర కట్టి, తలకు గుడ్డ చుట్టి, సద్ది క్యారియరు చంకన పెట్టుకుని బయల్దేరితే నోరు తెరుచుకుని చూశాను. ఈ సీమలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసంటారు. శివకాశి వైపు టపాసుల ఫ్యాక్టరీనీ ఆఫీసే అంటారు. సాయంత్రం ఆవిడ కంటే ముందు గంధకం వాసన ఇంట్లోకి వచ్చేది.

వీళ్ళూ మనవాళ్ళే. ఎన్ని తరాల కిందటో వచ్చి ఈ నల్లరేగడిలో నిలదొక్కుకున్న తెలుగువాళ్ళు. కానీ వీళ్ళ తెలుగు వింటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. ముఖం మొకం, భయం బయం, మొటిమ పరు. మాట తెలుగులో ఎత్తుకుని తమిళంలో దించేవారు. అదే అని నొక్కి చెప్పాలంటే చివర "దా" తగిలించి "అదేదా" అనేవారు. నేను నవ్వితే వదిన కోప్పడేది కాదు. "నీది సినిమా తెలుగు అమ్మీ, మాది కూడు తినే తెలుగు" అనేది.

పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ భర్త మునియసామి పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. తమ్ముడింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. మళ్ళీ పెళ్ళి మాట ఎవరెత్తినా లేచిపోయి అంట్లు ముందేసుకునేది. వానను నమ్ముకున్న చేను కౌలుకిచ్చి, ఇంట్లో అందరం తలో పని పట్టుకున్నాం. మా ఆయన తంగరాజ్‌కు లోడు ఆటో, నాకు బస్టాండు దగ్గర టైలరు కొట్టు, వదినకు ఆఫీసు. ఆర్తి పుట్టాక పాలు నేనిచ్చాను, తక్కినదంతా వదినే చేసింది. దానికి మొదట వచ్చిన మాట "అత్త". నాకు కొంచెం కుళ్ళు కూడా కలిగింది. ఏ తల్లికి కలగదు?

ఇక ఆవిడ చెయ్యి. ఆఫీసులో పెట్టెల్లో పుల్లలు నింపడం ఆవిడ పని. కుప్పలోంచి గుప్పెడు తీసిందంటే పెట్టెకు సరిగ్గా సరిపోయేది. ఒక పుల్ల మిగలదు, ఒక పుల్ల తగ్గదు. చూపు ఎటో ఉండేది, నోరు కబుర్లు చెబుతూ ఉండేది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. ఆ వేళ్ళకు మా వీధిలో ఇంకో పేరు కూడా ఉంది. ఆదివారం తలంట్లు అయ్యాక ఆడవాళ్ళందరూ మా తిన్నె మీదికి చేరేవాళ్ళు. పేలు చూడాలన్నా, ముల్లు తీయాలన్నా, పిల్లకు చెవి కుట్టిన చోట పుండు పడినా సెల్లత్తాయే. అన్నిటికన్నా మొటిమలు. పెళ్ళి కుదిరిన పిల్లను వారం ముందే తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టేవాళ్ళు. తుమ్మముల్లు దీపం సెగకు చూపి, తెల్లగా తల ఎత్తిన మొటిమను అలా గిల్లి, ఇలా నొక్కి, పైన పసుపు అద్దేది. పిల్ల "స్" అనేలోపు అయిపోయేది. "సెల్లత్తాయిది కైరాసి" అనేవాళ్ళు. మా వైపు హస్తవాసి అంటాం.

ఆ చిన్న చిన్న మొటిమలు ఎవరూ ముట్టుకోకపోయినా వాటంతటవే ఎండి రాలిపోయేవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాటి దారిన అవి పోయేవి, పేరు మా వదినకు వచ్చేది. ఆ పేరు తప్ప ఆవిడకు ఈ లోకంలో ఇంకేముంది? ఆర్తి ఉంది. అంతే, ఆ రెండే.

ఆర్తికి పదిహేడో ఏట ముఖం పేలింది. అందరికీ వచ్చేవి కావు. బుగ్గల కింద, దవడ పొడుగునా, చర్మం లోపల గోలీలు దాచినట్టు ఎర్రటి గడ్డలు. తల ఉండదు, చీము కనబడదు. దిండుకు తగిలితే నొప్పి, నవ్వితే నొప్పి. అది అద్దం ముందు నిలబడి ఏడుస్తుంటే నేను, "అందరికీ వస్తాయే, పోతాయిలే" అని కసిరేదాన్ని. వదిన మాత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేలికొసతో చుట్టూ నిమిరేది. నొక్కేది కాదు. "ఇవి పండలేదు కన్నూ, ఇంకా లోపల ఉండాయి. పండనీ" అనేది.

మేనత్తా మేనకోడళ్ళిద్దరికీ ఫోనులో ఒక పిచ్చి ఉండేది. ఏ దేశంలోనో చేతికి నీలం తొడుగులేసుకున్న వాళ్ళు మొటిమలు నొక్కే వీడియోలు. అన్నం తినేటప్పుడు కూడా అవే. నాకు డోకొచ్చేది. వదినైతే పరీక్ష పేపరు దిద్దినట్టు తప్పులు పట్టేది. "చూస్తివా, వాడు పక్కనుంచి నొక్కుతా ఉండాడు. కిందనుంచి ఎత్తాల. వానికి ఏం తెలుసు?" అనేది. ఆర్తి పడీ పడీ నవ్వేది. నవ్వి, దవడ పట్టుకుని "అమ్మా" అనేది.

చివరికి కోవిల్‌పట్టిలోనే చర్మం డాక్టరుకు చూపించాం. మాత్రలు, పైపూత మందు రాసిచ్చి, తగ్గడానికి నెలలు పడుతుంది, చెయ్యి మాత్రం పెట్టొద్దు అన్నాడాయన. ఆ నెలలే మా కొంప ముంచాయి. ఆర్తి అప్పుడు విరుదునగర్ కాలేజీలో మొదటి ఏడు. గొంతు బాగుంటుందని కాలేజీ వార్షికోత్సవానికి దాన్ని వ్యాఖ్యాతగా ఎంచారు. వేదిక మీద మైకు పట్టుకుని సాయంత్రమంతా మాట్లాడాలి. అది చిన్నప్పటి నుంచి కోరుకున్నది అదే. వార్షికోత్సవం వారంలోకి వచ్చింది. మందు చూస్తే నెలలంటోంది.

ఆ వారం నేను ఇంట్లో లేను. మా నాన్న సంవత్సరీకానికి పుత్తూరు వెళ్ళాను. జరిగింది ఆ తర్వాత ఆర్తే చెప్పింది.

ఆర్తి పైపూత మందు గొట్టం మీది పేర్లు చదువుతూ నవ్విందట. "అత్తా, దీంట్లో గంధకం ఉండాది."

"గంధకమా? మా ఆఫీసు గంధకమా?"

"అదేదా."

"అయ్యో, ఇంత గొట్టంలో ఇంతంటే ఎట్ల పోతాది? మా ఆఫీసులో మూటలు మూటలు ఉండాది కదా!"

మా వదిన మందబుద్ధి కాదు. ఆవిడ లెక్క ఆవిడది. సెగగడ్డ లేస్తే పండబెట్టి, చీము తీసి, మందద్దడం ఈ ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఇదీ గడ్డే కదా. ఏ డాక్టరైతే చెయ్యి పెట్టొద్దన్నాడో ఆ డాక్టరే గంధకం రాయమన్నాడు కదా. మందు ఆయనది, చెయ్యి తనది, రెండూ కలిస్తే పిల్ల వేదిక ఎక్కుతుంది. ఆఫీసులో అగ్గిపుల్లల మందు కలిపే గది గడప దగ్గర బస్తా మూతిలోంచి రాలిన పచ్చటి పొడిని చిటికెడు కొంగున ముడేసుకుని వచ్చింది.

తీరా ముల్లు పట్టేసరికి తనే వెనకాడిందట. "ఇది పండలేదు, నాకు బయంగా ఉండాది" అందట. ఆర్తే కాళ్ళు పట్టుకుంది. "నీ చెయ్యి పడితే పోతాది అత్తా. ఊరందరికీ చేస్తివి, నాకు చెయ్యవా?" అని. ఆ మాటకు ఆవిడ కరిగిపోయింది. మీరైనా కరిగిపోతారు.

ముల్లు గుచ్చింది, నొక్కింది. ఏమీ రాలేదు. కాస్త గట్టిగా నొక్కింది. రక్తం వచ్చింది, చీము రాలేదు. వీడియోలో మనిషికి నేర్పినట్టే కిందనుంచి ఎత్తి నొక్కింది. ఆర్తి పళ్ళు బిగించి ఓర్చుకుంది. మూడు గడ్డలు అలా అయ్యాక, కొబ్బరినూనెలో ఆ పొడి కలిపి పచ్చి పుండ్ల మీద మెత్తింది. మంట మంట అని పిల్ల ఎగిరితే విసనకర్రతో విసురుతూ కూర్చుంది. "మంట పుడితేదా మందు పని చేస్తా ఉండాదని" అందట.

తెల్లారేసరికి బుగ్గ ఉబ్బి కన్ను మూసుకుపోయింది. జ్వరం. మా ఆయన ఆటోలోనే విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను పుత్తూరు నుంచి బస్సులు మారి మారి నేరుగా అక్కడికే వెళ్ళాను. మంచం మీద ఉన్నది నా కూతురని ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. వదిన వరండాలో గోడకానుకుని నేల మీద కూర్చుంది. లేవలేదు. నన్ను చూసి రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. తిట్టాలని నోటి నిండా మాటలు నింపుకుని వెళ్ళినదాన్ని, ఆ దాచుకోవడం చూసి పక్కనే నేల మీద కూర్చున్నాను.

అక్కడి డాక్టరు జెయంతి మెత్తని మనిషి. పిల్లకు ఏం కావాలో అంతా చేసి, మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి తమిళంలో చెప్పింది. నాకర్థమైనట్టు చెబుతాను. చర్మం కింద వెంట్రుక మొదట్లో సన్నటి సంచి ఉంటుంది. అందులో జిడ్డు పేరుకుని, దారి మూసుకుపోయి, లోపల క్రిములు చేరి వాస్తే మొటిమ ఎర్రబడుతుంది. ఎర్రగా, గట్టిగా, తల లేకుండా ఉందంటే ఆ సంచికి బయటికి దారి లేదన్న మాట. పైనుంచి నొక్కితే అది లోపలికి పగులుతుంది. ఒక చోటి చీము చుట్టుపక్కలకు పాకుతుంది. తల ఎత్తిన చిన్నవాటినీ నొక్కకూడదు, వాటికీ మచ్చ పడవచ్చు. ఇంత లోతైనవి నొక్కితే గుంటే. మెత్తటి సబ్బుతో కడుక్కుని, నొప్పిగా ఉంటే శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి కాసేపు అద్ది, మందు వేసుకుంటూ ఓపిక పట్టడమే దానికి దారి.

"గంధకం?" అని వదిన అడిగింది.

"మందులో ఉండే గంధకం శుద్ధి చేసి, కొలిచి కలిపేదమ్మా. మీ ఫ్యాక్టరీలో నేల మీద రాలినదాంట్లో ఇంకేమేం కలిసి ఉంటాయో ఎవరికి తెలుసు? దాన్ని పచ్చి పుండు మీద పెట్టారు."

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. వదిన తలాడించి, "నా చెయ్యిదా" అంది.

వార్షికోత్సవం నాడు ఆర్తి ఆసుపత్రిలోనే ఉంది. దాని స్నేహితురాలు నిరోషా వేదిక మీద మాట్లాడింది. వాపు దిగింది, జ్వరం పోయింది, పుండ్లు మానాయి. బుగ్గ మీద రెండు గుంటలు, దవడ మీద నవారులా లేచిన ఒక మచ్చ మిగిలాయి. తర్వాత సరైన మందుతో కొత్త మొటిమలు రావడం ఆగిపోయింది. నెలలే పట్టింది, మొదటి డాక్టరు చెప్పినట్టే.

ఆర్తి మేనత్తను ఒక్క మాట అనలేదు. ఎవరినీ అననివ్వలేదు. "నేనే అడిగినాను కదమ్మా. అత్త వద్దంటే నేనే కాళ్ళు పట్టుకుంటిని" అనేది. నా కూతురి మంచితనానికి నేను గర్వపడాలి. కానీ అది ఒక్కసారి గట్టిగా అరిచి, ఏడ్చి, "ఎందుకిలా చేశావత్తా" అని ఆవిడను పట్టుకుని ఊపేసి ఉంటే ఇద్దరూ బతికిపోయేవాళ్ళని నాకిప్పటికీ అనిపిస్తుంది. అరవలేదు. ప్రేమగానే మాట్లాడేది. అత్త వడ్డిస్తే తినేది. అత్త పక్కన పడుకునేది. కానీ ఆవిడ చెయ్యి భుజం దాటి పైకి వస్తే చాలు, దాని తల దానంతటదే పక్కకు జరిగేది. అలా జరిగిన సంగతి దానికే తెలిసేది కాదు. వదినకు తెలిసేది.

మా తిన్నె మీద ఆదివారాలు ఆగిపోయాయి. ఎదురింటి సెల్వరాజ్ కూతురు ముఖం నిండా మొటిమలతో వస్తే వదిన వీధి అంతా వినబడేలా అరిచింది. "ముట్టొద్దు! నువ్వూ ముట్టొద్దు, ఎవరినీ ముట్టనీయొద్దు! పో, డాక్టరు దగ్గరికి పో!" ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది. సెల్లత్తాయికి పొగరెక్కిందని వీధిలో అనుకున్నారు. ఏళ్ళ తరబడి ఆవిడ ఒళ్ళో తలలు పెట్టి పడుకున్నవాళ్ళే అనుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం, "అననీలే, సుమ్మా ఉండు, ఊరుకో" అంది.

ఆర్తి చదువయ్యాక విరుదునగర్‌లోనే మిరపకాయల మండీలో కంప్యూటరు పనికి చేరింది, హాస్టల్లో ఉంటుంది. ఇంత చదివి మండీ ఏమిటే, ఆ ఘాటుకు దగ్గుతో చస్తావు అని పోట్లాడాను. అది నెమ్మదిగా, "అక్కడ అందరూ మొకానికి గుడ్డ కట్టుకుంటారమ్మా. నన్ను ఎవరూ ఏంటికని అడగరు" అంది. వదిన వంటింట్లో ఉంది. పప్పు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పోయిన మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుని అడిగింది. ఆవిడ నన్ను ఏదైనా అడగడం నా కాపురంలో అదే మొదలు. "బృందా, నన్ను ఒగసారి దాని దగ్గరికి తీసుకపో. ఒగే ఒగసారి దాని మొకాన చెయ్యి పెట్టాల. ఆ మచ్చను తడమాల. నేను చేసింది నేను తడమొద్దా? పెట్టనిస్తే సరి. ఇంక నాకేమీ తేవ లేదు, ఏమీ అక్కర లేదు."

వెళ్ళాం. బస్సులో సాత్తూరు దాటేదాకా ఆవిడ తన గోళ్ళు చూసుకుంటూనే ఉంది. అప్పటికే మాంసం కనబడేలా కత్తిరించుకుంది. ఆర్తి మండీ నుంచి సెలవు పెట్టి వచ్చింది. మమ్మల్ని హోటలుకు తీసుకెళ్ళి నూనె పరోటా తినిపించింది. తినడానికి ముఖం మీది గుడ్డ తీసింది. ఏడిపించడానికి నేను, "మీ ఊరి పరోటాకంటే మా పుత్తూరు దోసె నయం" అంటే, "నీకు విరుదునగర్‌లో గాలి కూడా నచ్చదమ్మా" అని నవ్వింది. వదిన తినకుండా దాని బుగ్గకేసే చూస్తోంది.

హాస్టలు వరండాలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. వదిన అడగలేకపోయింది. నేనే అడిగాను. "ఆర్తీ, అత్త నీ ముఖం ఒక్కసారి తాకుతుందట."

ఆర్తి అత్తకేసి చూసింది. లేదనలేదు. "దానికేంటికి అడగడం?" అని తనే ఆవిడ చెయ్యి అందుకుంది. నవ్వుతూనే అందుకుంది. బుగ్గ దగ్గరికి తెచ్చుకుంది. చెయ్యి ఇంకా తాకనే లేదు, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. భుజాలు చెవుల దాకా లేచాయి. పళ్ళు బిగుసుకున్నాయి. అయినా ఆ చేతిని వదల్లేదు, దగ్గరికి లాక్కుంటూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు జారుతున్నాయి. "పెట్టు అత్తా, పెట్టు" అంటోంది, పళ్ళ మధ్య నుంచే.

వదిన తన చెయ్యి విడిపించుకుంది. నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ.

"చాలు కన్నూ" అంది. "మాకు బస్సుకు పొద్దవుతాది. లోపలికి పో."

తిరుగు బస్సులో ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోవిల్‌పట్టి దీపాలు కనబడుతుంటే అప్పుడు నోరు విప్పింది. "అది వద్దని ఉంటే నేను తట్టుకుందును బృందా. నాకోసరం ఓర్చుకుంటా ఉండాది. ఆ పొద్దు కూడా అట్లదా ఓర్చుకునింది, ఇట్లదా పళ్ళు బిగబట్టింది. నేను దాని ఎదటికి పోయేకొద్దీ అది ఓర్చుకోవాల. ఇంక నేను పోను. అది ఇంటికి వచ్చినా నేను చేనికాడ ఉంటాను." నేనేవేవో చెప్పాను. కాలం పోతే అదే సర్దుకుంటుందన్నాను. నా మాటలు నాకే చప్పగా వినబడ్డాయి.

అన్నంత పనీ చేసింది. పొంగలికి ఆర్తి వచ్చిన రెండు రోజులూ కౌలు చేను చూసొస్తానని పల్లెకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అది అత్త కోసం తెచ్చిన చీర నా పెట్టెలో ఉంది.

ఆర్తి ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. నా చేతులు కుట్టుమిషను మీద ఉంటాయి కాబట్టి స్పీకరులో పెడతాను. మొన్నా అలాగే చేసింది. వదిన నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అటునుంచి, "అత్త ఏదమ్మా?" అని వినబడింది. వదిన నాకేసి చూసి, చెంపకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోందని చెప్పమని సైగ చేసింది.

"నిద్రపోతోందే" అన్నాను.

మండీలో బస్తాలు దించుతున్న చప్పుడు వినబడుతోంది.

"సరి, లేపొద్దు. లేచినాక చెప్పమ్మా, నేను రోజూ అద్దం ముందర నా చెయ్యి నేనే మొకాన పెట్టుకుని పయకతా ఉండానని, అలవాటు చేసుకుంటా ఉండానని. ఇంకా బయం పోలేదు, పోతాదని చెప్పు. అందాక నన్ను ఇడిసిపెట్టి పోవొద్దని చెప్పు."

వదిన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుపు ఫోనులోకి పోకుండా. నేను చెబుతాలే అన్నాను.